హెపటైటిస్ సి: ఖాందాన్ని కాదు, సూయీని అడగండి

ఉర్దూలో యర్ఖాన్, తెలుగులో పచ్చకామెర్లు. చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ వైపు మన ఇళ్ళల్లో ఏ పేరుతో పిలిచినా ఇలాజ్ ఒకటే. ఆకు పసరు, నేల ఉసిరి, నూనె లేని పత్యం, ఎవరో పెద్దాయన చేత దువా చేయించిన నీళ్ళు. రెండు మూడు వారాల్లో కళ్ళు తెల్లబడతాయి. పసరు ఇచ్చినాయనకు పేరొస్తుంది. నాకు ఆ పసరు మీద కోపమేమీ లేదు. కానీ హఖీఖత్ ఏమిటంటే, అలా వచ్చి పోయే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అనే రకాలు. మురికి నీళ్ళ వల్ల వస్తాయి. చాలామందిలో వాటంతటవే పోతాయి. పసరు తాగినా పోతాయి, తాగకపోయినా పోతాయి.

నేను రాయదలచుకున్నది ఆ కామెర్ల గురించి కాదు, హెపటైటిస్ సి గురించి. ఇది నీళ్ళలో రాదు, అన్నంలో రాదు. ఖూన్ నుంచి ఖూన్ లోకి వస్తుంది. వచ్చినప్పుడు చాలామందికి కళ్ళు పచ్చబడవు, జ్వరం కూడా రాదు. పది మందికి సోకితే ఇద్దరు ముగ్గురిలో, ఒక్కోసారి నలుగురిలో, ఆరు నెలల లోపు తనంతట తనే పోతుంది. మిగతావాళ్ళ జిగర్ లో కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళు అలా కూర్చుని, వాళ్ళలో వందకు 15 నుంచి 30 మందిని సిర్రోసిస్ దాకా, అంటే కాలేయం గట్టిపడి గడ్డ కట్టే దశ దాకా తీసుకుపోతుంది. కొందరికి అక్కడి నుంచి కాన్సర్. పొట్టలో నీరు పట్టి, కాళ్ళు వాచి, నోట్లో నుంచి రక్తం పడినప్పుడు దవాఖానాకు పరుగెత్తుతాం. అప్పుడు ఇంటి పెద్దవాళ్ళు అనే మాట, "ఆయన ఎన్నడూ మందు ముట్టలేదే, జిగర్ ఎలా పోయింది?"

జిగర్ అనే మాటకు ఉర్దూలో ఎంత ఇజ్జత్ ఉందో మనకు తెలుసు. ధైర్యం ఉన్నవాడికి జిగర్ ఉందంటాం. ప్రాణ స్నేహితుడు జిగ్రీ దోస్త్. యునానీ హకీములు ఖూన్ తయారయ్యేది జిగర్ లోనే అని నమ్మారు. ఇంత గొప్పగా చెప్పుకునే అవయవానికి జబ్బు వస్తే మాత్రం మన మొదటి అనుమానం ఆ మనిషి నడత మీదకు పోతుంది. తాగి ఉంటాడు, లేదా ఎక్కడో తిరిగి ఉంటాడు. తాగనివాడు, తిరగనివాడు, ఐదు పూటలా నమాజు చదివేవాడు ఈ జబ్బుతో పోతే, ఇంట్లోవాళ్ళు జబ్బు పేరే దాచిపెడతారు. "లివర్ ప్రాబ్లమ్" అని సరిపెడతారు.

అసలు అడగవలసింది నడత గురించి కాదు, సూయీ గురించి.

ఈ వైరస్ ను 1989లో గుర్తించారు. అంతకు ముందు దానికి పేరు కూడా లేదు. రక్తం ఎక్కించిన తర్వాత కొందరికి వచ్చే కాలేయ వాపు ఎ రకమూ కాదు, బి రకమూ కాదని తెలుసు గనుక "ఎ కాని, బి కాని హెపటైటిస్" అని పిలిచేవారు. దీన్ని కనిపెట్టినందుకు హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ లకు 2020లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో రక్తనిధులు దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరిగా చేయడం మొదలైంది 2001 తర్వాతనే. దీని అర్థం ఏమిటో నిదానంగా ఆలోచించండి. 1980ల్లో, 1990ల్లో కాన్పులో రక్తం ఎక్కించుకున్న మీ అమ్మీ, హైవే మీద లారీ గుద్దితే ఆపరేషన్ అయిన మీ చిచ్చా, వాళ్ళకు ఎక్కించిన సీసాలో ఏముందో అప్పట్లో ఎవరూ చూడలేదు. వాళ్ళు ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. జబ్బు బయటపడే వయసు సరిగ్గా అదే.

ఎవరిలో ఎంత ఉందనే లెక్కలు చాలా ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భాగంగా తీసుకున్న రక్త నమూనాలను పరీక్షిస్తే, దేశం మొత్తం మీద హెపటైటిస్ సి యాంటీబాడీ ఉన్నవాళ్ళు 0.32 శాతం అని తేలింది. అంటే వెయ్యికి ముగ్గురు. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ సగటు అనేది దుప్పటి లాంటిది, కింద ఎవరు వణుకుతున్నారో పైకి కనపడనివ్వదు. పంజాబ్ పల్లెల్లో, పట్టణాల్లో ఇల్లిల్లూ తిరిగి చూస్తే వందకు ముగ్గురి పైన తేలారు. దేశ సగటుకు పది రెట్లు. మణిపూర్, మిజోరం వైపు మత్తుమందును సూదితో ఎక్కించుకునే కుర్రాళ్ళలో ఇంకా చాలా ఎక్కువ. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో ఎక్కువ. తలసీమియా పిల్లల్లో, బతికినంత కాలం రక్తం ఎక్కించుకోవాలి గనుక, ఎక్కువ.

రక్తదాతల్లో మాత్రం తక్కువ కనిపిస్తుంది. దీంట్లో ఒక తిరకాసు ఉంది. రక్తం ఇవ్వడానికి వచ్చేది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు. గతంలో ఆపరేషన్లు, కామెర్లు అయినవాళ్ళను ప్రశ్నలు అడిగి ముందే పక్కన పెడతారు. కాబట్టి దాతల లెక్క చూసి ఊరి లెక్క ఇంతే అనుకుంటే తప్పు. ఊళ్ళో ఉన్న నానీలు, దాదాలు ఆ క్యూలో ఉండరు.

ఈ పని మన తెలుగు నేల మీద శ్రద్ధగా చేసినవాళ్ళలో డాక్టర్ చిత్తూరు మొహమ్మద్ హబీబుల్లా ఒకరు. పద్మశ్రీ అందుకున్న కాలేయ వైద్యుడు. హైదరాబాద్ లోని డక్కన్ వైద్య కళాశాలలో కాలేయ పరిశోధన కేంద్రాన్ని నడిపారు. ఆయన బృందం 2000 తర్వాతి సంవత్సరాల్లో మామూలు జనాన్ని, రక్తదాతలను, ప్రమాదం ఎక్కువున్న గుంపులను విడివిడిగా పరీక్షించి, ఎవరిలో ఎంత ఉంది, ఏ రకం వైరస్ ఉంది అని చూసింది. మనవాళ్ళు క్రికెటర్ల పేర్లు, సినిమావాళ్ళ పేర్లు పిల్లలకు గర్వంగా చెబుతారు. ఈ పేరు కూడా చెప్పవచ్చు.

ఇక్కడ గుంపు అన్న మాట దగ్గర ఆగాలి. ఇలాంటి లెక్కలు వచ్చినప్పుడల్లా వాటిని చదివే పద్ధతి ఒకటుంది. "ఫలానా వాళ్ళలో ఎక్కువట." అది ఒక కులం మీదకో, మతం మీదకో, తండా మీదకో, లారీ డ్రైవర్ల మీదకో పోతుంది. హెచ్ఐవీ రోజుల్లో ఇదంతా చూశాం. హైదరాబాద్ విజయవాడ హైవే మీద ఉన్న ఊళ్ళ పేరు చెబితే చాలు, జనం ఒక చూపు చూసేవాళ్ళు. హెపటైటిస్ సి లెక్కలు కూడా అలాగే చదివితే బద్నామీ తప్ప ఇంకేమీ మిగలదు. షేక్ లలో ఎంత, పఠాన్ లలో ఎంత, దూదేకుల వాళ్ళలో ఎంత, కమ్మవాళ్ళలో ఎంత అనే ప్రశ్నకు వైరస్ దగ్గర జవాబు లేదు. ఒక సూయీని ఎంత మందికి వాడారు అనే ప్రశ్నకు మాత్రం ఉంది.

మన వైపు సూయీ చరిత్ర నలభై దాటిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ఆర్ఎంపీ డాక్టర్ బల్ల మీద స్టీలు డబ్బా, అందులో గాజు సిరంజి. నీళ్ళు కాగాయో లేదో, జ్వరాల సీజన్ లో సాయంత్రం పూట పాతిక మంది బెంచీ మీద కూర్చుని ఉంటే డబ్బా మళ్ళీ మళ్ళీ కాచే తీరిక ఎవరికి ఉంటుంది? తర్వాత ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. సూది మార్చి సిరంజి అదే ఉంచడం కూడా వచ్చింది. సూది మార్చాం కదా, ఇంకేం భయం అనుకున్నారు. సిరంజి గొట్టంలోకి వెనక్కి వచ్చిన, కంటికి కనపడని ఖూన్ చాలు ఈ వైరస్ కు. ఒకే మందు సీసాలో వాడిన సూదిని మళ్ళీ ముంచడం, సెలైన్ ట్యూబు కడిగి దాచడం, ఇవన్నీ ఆ కోవలోవే.

2000 తర్వాత దేశమంతటా ఇంజెక్షన్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 300 కోట్ల ఇంజెక్షన్లు పడేవి. వాటిలో అరవై శాతం పైగా ఏదో ఒక రకంగా సురక్షితం కానివి. గుజరాత్ లోని మొడాసాలో 2009లో వాడిన సిరంజిలనే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బి చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. అప్పుడు పేపర్లు నాలుగు రోజులు రాశాయి. తర్వాత మామూలే.

ఆర్ఎంపీలను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చింది వాళ్ళే. సూయీ అడిగింది మనం. మిరప కోతల్లో, పత్తి తీతల్లో, సున్నపురాయి క్వారీల్లో రోజు కూలీకి పోయే మజ్దూర్ కు జ్వరం వస్తే, మూడు రోజులు పడుకునే స్తోమత లేదు. రేపు పొద్దున్నే పనిలో ఉండాలి. గోలీ ఇస్తే "ఏందయ్యా, సూది వెయ్యవా?" అని అడుగుతాడు. సూది వేయని డాక్టర్ దగ్గరకు మళ్ళీ పోడు. నీరసంగా ఉందంటే గ్లూకోజు ఎక్కించమంటాడు. ఇది మజ్బూరీ. దాని మీద మొత్తం ఒక దందా నిలబడింది. చదువుకున్న మన ఇళ్ళల్లో కూడా ఈ అలవాటు పోలేదు. పెళ్ళికి ముందు బలానికని, పరీక్షలకు ముందు జలుబు తగ్గాలని సూయీ పొడిపించేవాళ్ళు ఎంతమంది లేరు?

సూయీ కథ ఎంత దూరం పోగలదో చూడాలంటే ఈజిప్టు వైపు చూడాలి. నైలు నది కాలువల్లో నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా అనే జబ్బు అక్కడి రైతులను పీడించేది. 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వం ఊరూరా శిబిరాలు పెట్టి లక్షలాది మందికి ఆంటిమొనీ మందు ఇంజెక్షన్లు ఇచ్చింది. నియ్యత్ మంచిదే. కానీ గాజు సిరంజిలు సరిగా కాచకుండా వరసగా వాడారు. బిల్హార్జియా తగ్గింది, హెపటైటిస్ సి నాటుకుంది. 2008లో సర్వే చేస్తే 15 నుంచి 59 ఏళ్ళ వాళ్ళలో వందకు 14 మందికి పైగా యాంటీబాడీ ఉంది. ఎవరి నస్ల్ లోనూ లోపం లేదు, ఎవరి నడతలోనూ లేదు. సర్కారు వారి సూయీ.

ఇది ఎలా తెలిసింది అంటే, వైరస్ రకాల వల్ల. హెపటైటిస్ సి ఒకటే కాదు. దానికి పెద్ద శాఖలు ఉన్నాయి, వాటిని జీనోటైప్ లు అంటారు. ఇప్పటికి ఎనిమిది గుర్తించారు. ఎనిమిదోది 2018లో పంజాబ్ మూలాలున్న రోగుల్లో బయటపడింది. ఒక్కో శాఖకు మళ్ళీ ఉపరకాలు, 1ఎ, 1బి, 3ఎ, 3బి అని. మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాదిలో, 3వ రకం ఎక్కువ. పాకిస్తాన్ లో 3ఎ. దక్షిణాదికి వచ్చేసరికి 1వ రకం వాటా పెరుగుతుంది. ఈశాన్యంలో బర్మా సరిహద్దు వైపు 6వ రకం కనిపిస్తుంది. ఈజిప్టులో 4వ రకం. వైరస్ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోతూ, కాలం గడిచే కొద్దీ చిన్న చిన్న మార్పులు చెందుతుంది. రెండు నమూనాలు పోల్చి చూస్తే అవి ఎంత దగ్గరి చుట్టాలో, ఎన్నేళ్ళ కింద విడిపోయాయో లెక్క కట్టవచ్చు. అంటే వైరస్ తన షజ్రా (వంశవృక్షం) తానే మోసుకుని తిరుగుతుంది. ఈజిప్టులో 4వ రకం ఒక్కసారిగా విస్తరించిన కాలం, ఆ ఇంజెక్షన్ల కాలం సరిపోయాయి.

ఈ షజ్రా ఒకసారి ఆరుగురి ప్రాణాల విషయంలో గవాహి చెప్పింది. లిబియాలోని బెంఘాజీలో పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్ఐవీ సోకింది. వాళ్ళలో చాలామందికి హెపటైటిస్ సి కూడా. అక్కడ పనిచేసే ఐదుగురు బల్గేరియా నర్సులు, ఒక పాలస్తీనా డాక్టర్ కావాలనే ఎక్కించారని ఇల్జామ్ మోపి, మరణశిక్ష వేశారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం నిజం, వాళ్ళ కోపం నిజం. కానీ శాస్త్రవేత్తలు పిల్లల రక్తంలోని వైరస్ లను పోల్చి 2006లో ఒక మాట చెప్పారు. ఆ విదేశీయులు 1998లో పనిలో చేరక ముందే ఆ వైరస్ లు ఆ ఆసుపత్రిలో తిరుగుతున్నాయి. పైగా పిల్లల్లో హెపటైటిస్ సి ఒకటి కాదు, వేర్వేరు రకాలు ఉన్నాయి. ఒకరు ఒకసారి చేసిన కుట్రలో అలా ఉండదు. ఏళ్ళ తరబడి శుభ్రం లేని సూదులతో పని నడిచిన చోట అలా ఉంటుంది. 2007 జులైలో ఆ ఆరుగురూ విడుదలయ్యారు, ఎనిమిదేళ్ళ పైన జైల్లో ఉన్న తర్వాత.

మన దగ్గర జరిగేది చిన్న పాటి బెంఘాజీ. ఒక ఇంట్లో హెపటైటిస్ సి బయటపడగానే ముల్జిమ్ కోసం వెతుకులాట. చాలాసార్లు ఆ ముల్జిమ్ బహూ అవుతుంది. ఎందుకంటే పరీక్ష జరిగేది ఆమెకే. మగవాళ్ళు గల్ఫ్ పోయేటప్పుడో, రక్తం ఇచ్చేటప్పుడో తప్ప పరీక్ష చేయించుకోరు. ఆడపిల్లకు కాన్పు ముందు, పెద్దాపరేషన్ ముందు చేస్తారు. ఎనిమిదో నెలలో రిపోర్టు వస్తుంది. సాస్ అడుగుతుంది, "ఈ బీమారీ మైకా నుంచి తెచ్చావా?" కంచం అలగ్, గ్లాసు అలగ్. పుట్టిన బిడ్డకు పాలు ఇవ్వనివ్వరు. తలాఖ్ మాట కూడా వస్తుంది. ఆ పిల్లకు పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వస్తే పడిన సెలైన్లు ఎవరికి గుర్తు? ఆమె భర్తకు, అత్తకు పరీక్ష చేయించాలని ఎవరికైనా తోస్తుందా?

కాబట్టి సాఫ్ గా చెప్పుకుందాం. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా, కౌగిలించుకున్నా, దగ్గినా హెపటైటిస్ సి రాదు. దస్తర్ ఖాన్ మీద పక్కన కూర్చున్నా రాదు. తల్లి పాల వల్ల రాదు. చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం మానేదాకా ఆపాలి, అంతే. తల్లి నుంచి బిడ్డకు కాన్పు సమయంలో పోయే అవకాశం నూటికి ఐదారు. భార్యాభర్తల మధ్య సోకడం చాలా అరుదు. షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్, షుగర్ చూసుకునే సూది మాత్రం ఎవరివి వాళ్ళవే ఉండాలి. ఇంతకు మించిన పర్‌హేజ్ ఏదీ అవసరం లేదు.

రిష్తా కలుపుకునేటప్పుడు దాచడం ఎంత తప్పో, తెలిసి తెంచుకోవడం అంతకన్నా తప్పు అని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది ఇప్పుడు తగ్గే జబ్బు. తగ్గే అంటే అదుపులో ఉండే అని కాదు. పూర్తిగా పోయే.

ఒకప్పుడు అలా కాదు. ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు, రిబావిరిన్ గోలీలు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. జ్వరం, జుట్టు రాలడం, దిగులు, లక్షల ఖర్చు. ఇంతా చేసి సగం మందికే నయం. అప్పట్లో ఏ రకం వైరస్ అన్నది చాలా ముఖ్యం. 3వ రకమైతే ఆరు నెలలు, 1వ రకమైతే ఏడాది. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ అనే గోలీ వచ్చింది. గిలియడ్ కంపెనీ ఒక్క గోలీకి వెయ్యి డాలర్లు పెట్టింది. పన్నెండు వారాల కోర్సు 84,000 డాలర్లు, అప్పటి లెక్కలో యాభై లక్షల రూపాయలు. చిల్లకల్లు టోల్ గేటు దాటి హైవే పట్టుకుని పోతే మూడు నాలుగు గంటల్లో వచ్చే హైదరాబాద్ లో, నాట్కో కంపెనీ ఆ మందు పేటెంట్ మీద అభ్యంతరం వేసింది. తర్వాత గిలియడ్ లైసెన్సు ఇచ్చిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్ వాళ్ళే హెటిరో, నాట్కో రెండూ ఉన్నాయి. 2015లో నాట్కో 28 గోలీల సీసా ధర 19,900 రూపాయలు పెట్టింది. మూడు సీసాలు, అరవై వేలు. తర్వాత ధర ఇంకా పడిపోయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి పేదవాళ్ళో మన తెలుగు నేల మీద తయారైన గోలీతో బతికారు. తయారైన చోటి నుంచి నాలుగు గంటల దూరంలో ఉన్న మనం మాత్రం పసరు దగ్గరే ఉన్నాం.

2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ముఫ్త్. సోఫోస్బువిర్ తో పాటు డాక్లాటాస్విర్, లేదా కాలేయం గట్టిపడినవాళ్ళకు వెల్పాటాస్విర్, మామూలుగా పన్నెండు వారాలు, ముదిరినవాళ్ళకు ఇంకొంత ఎక్కువ. రోజూ గోలీ మింగడమే, సూయీ లేదు. నూటికి 95 మందికి పైగా నయం. వైరస్ ఏ రకమైనా ఈ మందులు పనిచేస్తాయి గనుక, జీనోటైప్ పరీక్షకు ముందే డబ్బు కట్టమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నయమైన తర్వాత మళ్ళీ మురికి సూది తగిలితే మళ్ళీ వస్తుంది. దీనికి టీకా లేదు.

ఈజిప్టు కూడా ఇదే మందులతో లేచి నిలబడింది. 2018 అక్టోబర్ నుంచి ఏడు నెలల్లో దాదాపు ఐదు కోట్ల మందికి పరీక్ష చేసింది. మస్జిదుల దగ్గర, రైల్వే స్టేషన్లలో, సంతల్లో. తేలినవాళ్ళకు మందు ముఫ్త్. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈజిప్టుకు ఈ జబ్బును తుడిచిపెట్టే దారిలో గోల్డ్ స్థాయి గుర్తింపు ఇచ్చింది. ఏ దేశానికైనా అదే మొదటిసారి. బిల్హార్జియా శిబిరంలో సూయీ పొడిచిన సర్కారే, ఆ తప్పు దిద్దడానికి జనం దగ్గరకు నడిచి వచ్చింది.

మన దగ్గర ఏం చేయవచ్చు? మస్జిద్ కమిటీలు మీలాద్ కు రక్తదాన శిబిరాలు పెడుతున్నాయి, మంచిదే. ఆ రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఎవరికైనా ఫోన్ వస్తే అతను భయపడి మాయమైపోకుండా, కమిటీలో ఒక నమ్మకస్తుడు వెంట తీసుకుపోయి రెండో పరీక్ష, అంటే వైరస్ నిజంగా ఉందా అని చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి. మొదటి పరీక్ష పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టు ఖాయం కాదు. అలాగే ఈసారి దాతలతో పాటు పెద్దవాళ్ళను కూర్చోబెట్టండి. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, ఆపరేషన్లు అయినవాళ్ళు, గాజు సిరంజి తరం వాళ్ళు, డయాలసిస్ వాళ్ళు. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎంత మంది డయాలసిస్ మీద ఉన్నారో అందరికీ తెలుసు. వాళ్ళకు మూత్రపిండం పోయింది చాలదా, జిగర్ కూడా పోవాలా? ఒక్కో మిషన్ దగ్గర శుభ్రం ఎలా ఉంది, నెలల వారీగా పరీక్షలు జరుగుతున్నాయా అని ఎమ్మెల్యేలను అడగడం కులమతాలతో పని లేని విషయం.

మన ఇంటి సంగతి కూడా ఒకటుంది. హిజామా మళ్ళీ ఊపందుకుంది. హజ్జామ్ అనే మాట అరబ్బీలో అసలు హిజామా చేసేవాడికే, ఉర్దూలోకి వచ్చాక క్షురకుడికి స్థిరపడింది. రెండు చోట్లా చేతిలో ఉన్నది ఉస్త్రా, నష్తర్. హిజామా సున్నత్ అవునా కాదా అన్నది ఆలిములు చూసుకుంటారు, నేను బ్లేడు గురించే అడుగుతున్నాను. మనిషికో కొత్త బ్లేడు మీ కళ్ళ ముందు విప్పుతున్నారా? కప్పులు కొత్తవా, కడిగినవా? సున్తీలు ఒకేరోజు పదిమంది పిల్లలకు చేయించే చోట పనిముట్లు ఎన్ని జతలు ఉన్నాయి? పాకిస్తాన్ లో ఈ జబ్బు మీద జరిగిన పరిశోధనల్లో సూయీ తర్వాత మంగలి షాపు బ్లేడు పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. మినాలో హాజీలకు గుండు గీసే చోట లైసెన్సు లేని క్షురకులను సౌదీ ప్రభుత్వం పట్టుకుని జరిమానా వేసేది ఇందుకే. అక్కడ బుద్ధిగా కొత్త బ్లేడు అడిగి, ఇక్కడికొచ్చి ఏ బ్లేడైనా ఫర్వాలేదంటే ఎలా?

చివరగా గల్ఫ్ మెడికల్. ఇది మనవాళ్ళలో ఎవరూ పైకి ఎత్తడం లేదు గనుక గట్టిగా చెబుతున్నాను. సౌదీ, ఖతర్, కువైట్ పోయే ముందు చేసే వైద్య పరీక్షలో హెపటైటిస్ సి యాంటీబాడీ ఉంటే "అన్‌ఫిట్". యాంటీబాడీ అనేది పోలీస్ స్టేషన్ లో పాత కేసు ఫైలు లాంటిది. దొంగ ఊరొదిలి పోయినా ఫైలు అక్కడే ఉంటుంది. మందు వాడి పూర్తిగా నయమైన మనిషి రక్తంలో కూడా యాంటీబాడీ ఏళ్ళ తరబడి ఉంటుంది. వైరస్ ఒక్కటి కూడా లేదు, ఎవరికీ అంటదు, కానీ వీసా పోతుంది. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు పోతుంది. ఈ భయంతోనే కుర్రాళ్ళు పరీక్షకు రారు. తెలిస్తే రోజీ పోతుంది, తెలియకపోతే జిగర్ పోతుంది. వాళ్ళు రోజీనే ఎంచుకుంటారు, నేనైనా అదే చేస్తానేమో.

నయమైనవాడికి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష నెగెటివ్ వస్తే ఫిట్ ఇవ్వాలని మన విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలతో మాట్లాడాలి. ఈజిప్టు తమ్ముళ్ళు లక్షలమంది అక్కడే పనిచేస్తున్నారు, వాళ్ళదీ ఇదే సమస్య. మన ఎంపీలు, వక్ఫ్ బోర్డులో కూర్చున్నవాళ్ళు, హజ్ కమిటీలో ఉన్నవాళ్ళు ఎన్నికలప్పుడు మన మొహల్లాకు వస్తారు. షాదీఖానా, ఖబ్రస్తాన్ ప్రహరీ అడుగుతాం. ఈసారి అర్జీలో ఇది కూడా ఒక లైను రాసి ఇవ్వండి.